చదవందే నొక్కని పతితపావన్ బాబు

కళ్ళబడిన అక్షరాన్ని చదవకుండా వదిలిపెట్టడం పతితపావన్ సాంత్రాకు చేతకాదు. ఈ సంగతి నిస్తారిణికి మొదటిసారి తెలిసింది గంగ అవతలి రేవులో, ఆయన టికెట్ల గుమాస్తాతో తగవుపడి గెలిచిన రోజున.

ఆ రోజు ఆయన రెండు చేతులా ఒక కంప్యూటరు తెరను కావలించుకుని వరసలో నిలబడ్డాడు. ఇప్పటి పలక లాంటి తెర కాదు, వెనక బానంత పొట్ట ఉన్న పాత రకం. ఆయన వెనకే అరటిపువ్వు సంచీతో నిస్తారిణి.

"దానికి సామాను టికెట్టు తియ్యాలి," అన్నాడు గుమాస్తా తల ఎత్తకుండా.

"ఎక్కడ రాసుంది?"

"బోర్డు మీదే ఉందిగా, చదువుకో."

ఆ మాట అనకుండా ఉండవలసింది. పతితపావన్‌ను చదువుకోమనడమంటే ఆబోతును అరటితోటలోకి తోలి మేసుకోమనడమే. ఆయన తెరను ఒక మోకాలి మీద ఆనించుకుని, గొంతు సవరించుకుని, పై వరసనుంచి అందుకున్నాడు.

"ప్రయాణికులకు మనవి. పడవలో ఉమ్మరాదు. పడవ కదులుతుండగా దిగరాదు. ఒకటి, మనిషి. రెండు, సైకిలుతో మనిషి. మూడు, మనిషి లేని సైకిలు."

"ఆఁ ఆఁ, కిందికి రావయ్యా."

"వస్తున్నానుగా. మనిషి లేని సైకిలు పడవెలా ఎక్కుతుందో నాకు తెలీదు, సరే, అది మీ గొడవ. నాలుగు, తాడు కట్టిన మేక. ఐదు, తాడు లేని మేక. ఆరు, పెట్టెతో హార్మోనియం."

వెనక వరస మెట్ల దాకా పెరిగింది. ఒక పడవ వెళ్ళిపోయింది. "ఏమయ్యో, ఇంకా మేక దగ్గరే ఉన్నావా?" అని మెట్లమీదనుంచి ఎవరో అరిచారు. "వాడి మొహాన డబ్బులు కొట్టి ఓ టికెట్టు తీసుకుని కదలరాదూ," అంది చేపలగంప దించుకున్న ఆడమనిషి. ఆయన ఎవరి మాటా వినిపించుకోకుండా పదిహేడో అంకె దాకా వచ్చి ఆగాడు. అట్టడుగు వాక్యం మీద ఎవరో తాంబూలం ఉమ్మిన మరక.

"అమ్మా," అన్నాడు నిస్తారిణి వైపు తిరిగి, "నా చేతులు ఖాళీ లేవు. కాస్త తుడిచిపెడతారా?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఎవడి ఉమ్మో తాను తుడవడమేమిటి? కానీ తుడవకపోతే రెండో పడవా పోయేట్టుంది. అరటిపువ్వుకు చుట్టిన కాగితం చింపి తుడిచింది. కింద అక్షరాలు బయటపడ్డాయి. ఒళ్ళో పెట్టుకోగల సామానుకు టికెట్టు అక్కరలేదు.

"ఇది నీ ఒళ్ళో పడుతుందా?" అన్నాడు గుమాస్తా వెటకారంగా.

పట్టింది. ఏరు దాటినంతసేపూ ఆయన ముఖం ఎవరికీ కనబడలేదు. తెర పైన నాలుగు వెంట్రుకలు మాత్రం గాలికి ఊగుతూ కనబడ్డాయి. ఇవతలి రేవులో కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతే, ఇద్దరు సరంగులు ఆయన్ను తెరతో సహా ఎత్తి, దుర్గమ్మను నిమజ్జనానికి దింపినట్టు మెట్లమీదికి దింపారు. ఈ మనిషి పిచ్చివాడైనా అయి ఉండాలి, ఘనుడైనా అయి ఉండాలి అనుకుంది నిస్తారిణి. డెబ్భై ఏళ్ళలో ఆమె రెండు రకాలనూ విడివిడిగా చాలామందిని చూసింది. ఒకే చొక్కాలో ఇద్దరినీ చూడటం అదే మొదలు.

విచారిస్తే ఆయన తమ హరిత్‌పూర్ వాడేనని తెలిసింది. ఆమె ఇంటికి రెండు సందుల అవతల కంప్యూటర్లు బాగుచేస్తాడు. అంతకుముందు జనపనార మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతబడిన పొద్దున గేటుకు అంటించిన నోటీసు చూసి నాలుగొందల మంది లబోదిబోమని ఇళ్ళకు పోతే, ఈయన ఒక్కడే అక్కడ నిలబడి చివరి సంతకం దాకా చదివాడట. చదివి, కింద తేదీ తప్పు పడిందని వాచ్‌మన్‌కు చూపించి వచ్చాడట.

ఆయన భార్య కణిక చెప్పే కథ ఇంకా బావుంటుంది. పెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టమంటే పెళ్ళికొడుకు తన పేజీ ఒక్కటీ చదివి ఊరుకోలేదు. పుస్తకం మొదటినుంచీ తిరగేశాడు. "అవతల పులుసు చల్లారిపోతోంది, చేపలు ఈదడం మొదలుపెట్టేట్టున్నాయి, మా మేనమామ పళ్ళు నూరుతున్నాడు," అంటుంది నిస్తారిణిని పిసీ, అంటే అత్తా, అని పిలిచే కణిక. "ఈయన మాత్రం పన్నెండో పేజీలోని పెళ్ళికొడుకే పంతొమ్మిదో పేజీలోనూ ఉన్నాడని కనిపెట్టాడు. పెళ్ళాం వేరు. ఆ రిజిస్ట్రారు ముఖం చూడాలి పిసీ, సున్నం కొట్టినట్టయింది. మా పెళ్ళికి వచ్చిన చుట్టాలంతా మమ్మల్ని వదిలేసి ఆ పెళ్ళికొడుకు ఇంటి మీదికి పోయారు."

జ్వరం వస్తే మాత్రతో పాటు ఇచ్చే మడతల కాగితం తెరిచి, ఆ మాత్ర వల్ల రాగల రోగాలన్నీ చదివేసరికి జ్వరం దానంతటది దిగిపోతుందని పేటలో చెప్పుకుంటారు. మరమరాలు కొంటే పొట్లం విప్పి, మరమరాలు పళ్ళెంలో పోసి, ముందు పొట్లం చదువుతాడు. అవి పిల్లల పాత జవాబు కాగితాలతో అంటించినవి. "గంగానది పుట్టుక బాగా రాశాడు, కానీ ఉపనదులు మింగేశాడు. ఎనిమిదికి అయిదివ్వొచ్చు," అని మార్కులు కూడా వేస్తాడు.

మరి ఇలాంటి మనిషి కంప్యూటర్లు ఎలా బాగుచేస్తాడు? ఇలాగే. లోకమంతా తెర మీద బాక్సు కనబడగానే నొక్కు, నొక్కు, నొక్కు అని పరిగెత్తుతుంటే ఈయన ఒక్కో బాక్సు ముందూ ఆగి, చండీ పారాయణంలా పైకి చదువుతాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని అప్పటికప్పుడు అందరికీ అర్థమయ్యే మాటల్లోకి దించి మరీ చదువుతాడు. "ఒప్పుకుంటున్నాను అని నొక్కే ముందు దేనికి ఒప్పుకుంటున్నానో తెలియొద్దా?" అంటాడు. గంటలో తెమిలే పనికి రోజు పడుతుంది. తొందర ఉన్నవాళ్ళు స్టేషన్ రోడ్డులోని మెరుపు దుకాణాలకు పోతారు, నెల తిరక్కుండా అదే చెత్తతో మళ్ళీ పోతారు. పతితపావన్ చెయ్యి పడిన యంత్రం మాత్రం ఏళ్ళు గడిచినా కడిగిన ముత్యంలా ఉంటుంది.

ఇది అందరికీ తెలిసిందే. ఒకరోజు ఇది తన మెడకు చుట్టుకుంటుందని నిస్తారిణికి మాత్రం తెలియదు.

నిస్తారిణి చదివింది నాలుగో తరగతి. ఆ నాలుగూ పునాదులతో సహా చదివానని ఆమె నమ్మకం. బెంగాలీ పంచాంగం ఎవరి సాయం లేకుండా చూసుకుంటుంది. అంకెలు ఆమె చేతిలో ముగ్గుపిండి. ఇంగ్లీషు మాట వస్తే, "దొరలే ఓడెక్కి పోయారు, వాళ్ళు వదిలేసిన గీతలతో నాకేం పని?" అంటుంది. చనిపోయిన మొగుడు కోర్టు అర్జీలు టైపు చేసి ఇల్లు నడిపిన ముందు గదిలోనే ఇప్పుడు ఒక కంప్యూటరు, ఒక అచ్చు యంత్రం. కొడుకు ఆసన్‌సోల్‌లో రైల్వే పని, ఆదివారాలు మాత్రమే కనబడతాడు. దుకాణం నడిపేది కోడలు సుతప. బాలికల బడి ప్రశ్నపత్రాలు టైపు చేయడం దానికి పెద్ద ఆధారం. సుతప నెమ్మదస్తురాలు, నోట్లో నాలుక లేనిది. అది అత్తగారికి ఒక సౌకర్యం.

మార్చి నెలాఖరు శనివారం మధ్యాహ్నం, సుతప అచ్చయిన కాగితాలు ఇచ్చిరావడానికి బడికి వెళ్ళింది. ఇంట్లో నిస్తారిణి ఒక్కతే. పక్కింటి పారుల్ అంతకు ముందురోజే గోడమీదనుంచి, "మా కంప్యూటరులో ఏకాదశి ఎన్ని నిమిషాలకు వస్తుందో శంఖం ఊది మరీ చెబుతుంది పిసీ, మీ దాంట్లో రాదా?" అని గొప్పలు పోయింది. ఆ మాట నిస్తారిణి కడుపులో అరగకుండా ఉండిపోయింది.

కోడలు తెర ఆపకుండా వెళ్ళింది. తెర మూలన లక్ష్మీదేవి బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంది. దాని కింద శుభ్రమైన బెంగాలీలో, ఉచిత పంచాంగం. అది నిస్తారిణి చదవగలిగింది. చదవగలిగిన మాట మీద ఆమెకు నమ్మకం ఎక్కువ. నొక్కింది. తరవాత వచ్చిన బాక్సులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక్కోదానిలో ఒక మీట మాత్రం దీపం పెట్టినట్టు వెలుగుతోంది. వెలుగుతున్నదాన్ని నొక్కమనే కదా అర్థం. ఆరు బాక్సులు వచ్చాయి, ఆరూ నొక్కింది. శంఖం మోగింది, పంచాంగం తెరుచుకుంది. ఏకాదశి ఘడియలు చూసుకుని, దేవుడికి దణ్ణం పెట్టినట్టు కంప్యూటరుకు దణ్ణం పెట్టి లేచి వెళ్ళింది.

సాయంత్రంనుంచి మొదలైంది. సుతప ఒక వాక్యం టైపు చేస్తే రెండు బాక్సులు లేచేవి. మీకు కారు వచ్చింది. మీ పొట్ట తగ్గుతుంది. మీ ఊళ్ళో ఒంటరి వారు మీకోసం ఎదురుచూస్తున్నారు. ఒకటి మూస్తే మూడు. మధ్యమధ్య శంఖం. సోమవారం బడినుంచి పెద్ద దీదీమణి, అంటే హెడ్మిస్ట్రెస్, స్వయంగా వచ్చి, తరువాతి ప్రశ్నపత్రం సరిచూస్తూ కుర్చీలో కూర్చున్నారు. తెర మీద, "అశోకుడు కళింగ యుద్ధం తరవాత ఎందుకు మారెను?" అన్న ప్రశ్న పక్కన ఒక అమ్మాయి బట్టలు మరిచిపోయి స్నానానికి వచ్చింది.

దీదీమణి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అమ్మాయి అక్కడే ఉంది.

"బుధవారానికి ఈ యంత్రం శుభ్రపడాలి," అన్నారు లేస్తూ. "లేకపోతే మా ఆడపిల్లల కాగితాలు ఈ గదిలో టైపు కావు."

ఆమె వీధి మలుపు తిరగకముందే నిస్తారిణి కోడలి మీద నోరు తెరిచింది. "ఒక్కదానివీ కూర్చుని ఏమేం చూస్తున్నావే బౌమా, నా మొగుడు దేవుడి పటాలు పెట్టుకున్న గదిలో?"

"నేనేం చూడలేదమ్మా. నేనేం నొక్కలేదు."

"నువ్వు నొక్కక దయ్యం నొక్కిందా?"

అనేసింది. అంటుండగానే శనివారం గుర్తుకొచ్చింది. ఆరు దీపాలూ వరసగా కళ్ళముందు వెలిగాయి. కానీ అప్పటికే గోడ మీద పారుల్ తల మొలిచింది, వింటోంది. నిస్తారిణి వెనక్కి తగ్గడం ఆ పేట ఎన్నడూ చూడలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు. సుతప ఆ రాత్రి అన్నం పెట్టింది, తను తినలేదు. మర్నాడు పొద్దున అత్తగారికి టీ ఇచ్చి తన కప్పు పెట్టుకోలేదు. పెట్టుకోకుండానే నెమ్మదిగా అంది.

"పతితపావన్ దాదాను రమ్మన్నానమ్మా. ఆయన అన్నీ చదువుతాడు. ఎవరు నొక్కారో అదీ లోపల రాసి ఉంటుందట. అదీ చదువుతాడు."

నిస్తారిణి సగం తాగిన కప్పు కింద పెట్టేసింది.

మంగళవారం పన్నెండింటికి ఆయన వచ్చాడు. వాకిట్లో ఆగి ముందు దుకాణం బోర్డు చదివాడు, తరవాత తలుపు మీది తాళం కంపెనీ పేరు, గోడ మీది పోలియో చుక్కల నోటీసు. "మాసీమా, ఈ చుక్కల తేదీ దాటిపోయింది, తీసెయ్యండి," అని నిస్తారిణిని పిన్ని వరసతో హెచ్చరించి లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆయన చదువుడు వినడానికి పారుల్ కూర్చోవడానికి వెదురు మోడా లాక్కుని వచ్చి గుమ్మంలో స్థిరపడింది.

"ఈ కుర్చీలో ఎవరెవరు కూర్చుంటారు?"

"నేనొక్కదాన్నే దాదా," అంది సుతప. "శనివారం మధ్యాహ్నం బడికి వెళ్ళాను. మిగతా అంతా నేనే."

ఆయన తలూపి, లేచి, ముందు ఇంటర్నెట్ తీగ పీకేశాడు. "వీధి తలుపు మూయందే ఊడ్పు మొదలుపెట్టకూడదు. మనం ఇటు ఊడుస్తుంటే వాడు అటునుంచి చల్లుతుంటాడు."

తీగ పీకిన మరుక్షణం ఎర్రటి బాక్సు ఒకటి లేచింది. ఆయన చదివాడు. "'ప్రమాదం. మీ కంప్యూటరులో మూడు వందల పన్నెండు వైరస్‌లు కలవు. శుభ్రపరచుటకు ఇక్కడ నొక్కుడు.'"

"మూడొందలే?" అంది సుతప గుండె పట్టుకుని.

"దొంగే లాంతరు పట్టుకుని దొంగ దొంగ అని అరుస్తున్నాడు బౌదీ," అన్నాడు వదిన వరస కలిపి. "ఏ బాక్సయినా మిమ్మల్ని బెదిరించిందంటే దాని దగ్గర నిజం లేదని గుర్తు. నిజంగా శుభ్రం చేసే సామాను మనం వెళ్ళి తెచ్చుకోవాలి, అది మన గుమ్మంలోకి వచ్చి కేకలు వెయ్యదు." దాన్ని మూసే గుర్తు కూడా నమ్మకుండా, ఆ ప్రోగ్రామునే లోపలినుంచి ఆపేశాడు. "ఆ మూలనున్న ఇంటూ గుర్తు కూడా బొమ్మే కావచ్చు. మూస్తున్నాననుకుని తెరుస్తాం."

యంత్రంలో ఎక్కి ఉన్నవాటి జాబితా తెరిచాడు. అచ్చు యంత్రానిది, టైపు అక్షరాలది, వేటిని ఉంచాలో వాటినీ చదివాడు. నిస్తారిణి తలుపు చాటున నిలబడి ఆయన నోటివైపే చూస్తోంది. ఏ వాక్యంలో శనివారం ఉంటుందో, ఏ వాక్యంలో తన వేలు ఉంటుందో. తేలు కుట్టిన దొంగకైనా ఎక్కడ కుట్టిందో తెలుస్తుంది, ఆమెకు అదీ తెలియదు.

"దొరికారు," అన్నాడు. "ఉచిత పంచాంగం. దాని వెంట కొనుగోలు మిత్రుడు, వెతుకుడు పట్టీ, ఆటల అంగడి, జాతక చక్రం, రాయితీ రాజా. ఒక పెళ్ళికొడుకు, అయిదుగురు తోడుపెళ్ళికొడుకులు."

"పీకి పారెయ్యి నాయనా, పేర్లెందుకు," అంది నిస్తారిణి.

"పేరు చదవందే పీకితే పక్కింటివాడి పన్ను ఊడొస్తుంది మాసీమా."

ఒక్కోదాన్నీ వెళ్ళగొట్టడం మొదలుపెట్టాడు. అవి మర్యాదగా పోయే రకం కాదు. "'మీరు నిజముగా మమ్ములను తొలగించుచున్నారా?' అవును. 'మీరు మంచి అవకాశములు కోల్పోవుదురు.' పోనీ. 'తొలగించుటకు కారణము తెలుపుడు.' నీ మొహం నాకు నచ్చలేదు." కణికతో కూడా ఆయన అంత సేపు మాట్లాడి ఉండడు. "ఇప్పుడు చూడండి, కింద రెండు మీటలు. దీపంలా వెలుగుతున్నది 'ఉండనివ్వు'. మూల వెలవెలబోతున్నది 'తీసెయ్యి'. వెలుగు చూసి నొక్కేవాళ్ళ కోసం పన్నిన వల ఇది."

నిస్తారిణి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండు గంటలయ్యేసరికి నాలుగు పోయాయి. ఇంక ఊరుకుంటే లాభం లేదని ఆమె వంకాయ బజ్జీలు వేయించి, మరమరాల పొట్లంతో పాటు తెచ్చి పెట్టింది. నోట్లో బజ్జీ ఉంటే చదవలేడు కదా. ఆయన పొట్లం విప్పి, కాగితం సాపు చేసి, ఒక పిల్ల రాసిన ఆవు వ్యాసం మొత్తం చదివి, ఆరు మార్కులు వేసి, అప్పుడు బజ్జీ ముట్టుకున్నాడు. అది చల్లారింది. ఆమె పథకమూ చల్లారింది.

"ఆరూ పోయాయి, ఇంకేం మిగిలింది, లేచి చెయ్యి కడుక్కో," అంది నాలుగింటికి.

"ఆపి మళ్ళీ లేపి చూడాలి మాసీమా."

లేపితే వెతుకుడు పట్టీ మళ్ళీ ప్రత్యక్షమైంది, గెంటేసిన అల్లుడు పెరటి దోవన వచ్చి పీట మీద కూర్చున్నట్టు. పారుల్ పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. యంత్రం లేవగానే తమనూ లేపమని ఎవరెవరు పురమాయించుకున్నారో ఆ జాబితా తీశాడు, అందులో ఒకటి కొట్టేశాడు. ఇంటర్నెట్ చూపించే ప్రోగ్రాముకు అంటుకున్న తోకలు విప్పాడు. మొదటి పేజీ మార్చి పాతది పెట్టాడు. చివరికి తన సంచీలోనుంచి శుద్ధిచేసే డిస్కు తీసి పెట్టి, దాని ఒప్పందం కూడా మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.

"ఇది నీదేగా," అంది పారుల్, "ఎన్నిసార్లు చదివి ఉంటావు?"

"తొమ్మిదొందల సార్లు."

"మరి?"

"తొమ్మిదొందల ఒకటోసారికి వాడు మార్చి ఉండొచ్చు."

శుద్ధి ముగిసింది. తెర ప్రశాంతంగా ఉంది. ఏ అమ్మాయీ స్నానానికి రాలేదు. సుతప ప్రశ్నపత్రం ఒక పేజీ అచ్చు తీసి చూసింది, మల్లెపూవులా వచ్చింది. అయినా లేవలేదు.

"దాదా, ఎవరు నొక్కారో చూస్తానన్నారు."

"చూస్తాను," అన్నాడు. "యంత్రం తన రోజువారీ చిట్టా రాసుకుంటుంది. ఎప్పుడు ఏం ఎక్కిందో, ఎన్ని గంటలకో." తెర మీద ఆ చిట్టా పేజీ తెరిచాడు. పారుల్ మోడా ముందుకు జరుపుకుంది. నిస్తారిణి తలుపు వదిలి గోడకు ఆనుకుంది.

ఆయన వేలు తెర మీద పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. "'ఉచిత పంచాంగం. కొత్తగా ఎక్కినది.'" వేలు తరవాతి వాక్యం మీదికి దిగింది. పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు.

ఆయన తల తిప్పలేదు. కానీ ఆ తెర నల్లటి అంచులో గోడకు ఆనుకున్న తెల్లచీర కనబడుతూనే ఉండాలి. చీర చెంగును ముడివేస్తూ విప్పుతూ ఉన్న రెండు ముసలి చేతులూ కనబడుతూనే ఉండాలి. ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు. వేలు ఒక మెట్టు కిందికి జారింది.

"'బాక్సులు ఆరు,'" అని చదివాడు అదే పారాయణం గొంతుతో. "'ఆరింటిలోనూ టిక్కు ముందే పెట్టి ఉన్నది.'"

ఎవరూ గమనించలేదు. మధ్యాహ్నంనుంచి ఆ చదువుడు విని విని అందరి చెవులూ మొద్దుబారి ఉన్నాయి. గమనించింది ఒక్క నిస్తారిణే. రేవులో ఉమ్మి మరక కింది వాక్యాన్ని కూడా వదలని మనిషి నడిమధ్యలో ఒక నిండు వాక్యాన్ని దాటేశాడు.

"ఇంతకీ నొక్కింది ఎవరో చెప్పవేం?" అంది పారుల్.

"అదే చదివాను కదా. టిక్కు పెట్టినవాడే నొక్కినవాడు. పెళ్ళి భోజనానికి పిలిచి, అడక్కుండా విస్తరి నిండా వడ్డించి, తిన్నావు కదా ఒప్పుకున్నట్టే అంటే తప్పు తిన్నవాళ్ళదా? మనం చెయ్యగలిగిందల్లా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం. ముందే పెట్టి ఉన్న టిక్కులు ఒక్కోటీ తీసెయ్యాలి, అప్పుడు నొక్కాలి. తెలియకపోతే నొక్కకూడదు. ఊరికే వచ్చే వస్తువును దాని సొంత ఇంటినుంచే తెచ్చుకోవాలి, వీధిలో కేకేసేవాడి గంపలోంచి కాదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకోటి. ఆ స్నానాల బొమ్మ ఎవరో ఏదో చూసినందుకు రాలేదు. పంచాంగం తోకపట్టుకుని వచ్చింది. మఠంలో స్వామివారి యంత్రంలోంచి కూడా పోయిన నెల అదే బొమ్మను దించి వచ్చాను. ఆ సంగతి దీదీమణికి నేనే వెళ్ళి చెబుతాను."

"స్వామివారి దాంట్లోనా?" అంది పారుల్. ఇక ఆమెకు ఈ ఇంట్లో పనిలేదు. మోడా చంకన పెట్టుకుని ఆ వార్త మోయడానికి పరిగెత్తింది.

సుతప చల్లారిన బజ్జీ ఒకటి తీసుకుని కొరికింది. సోమవారంనుంచి ఆమె నోట్లోకి ఇష్టంగా పోయిన మొదటి ముద్ద అదే. నమిలి, "టీ పెడతానమ్మా," అని లోపలికి వెళ్ళింది.

పతితపావన్ ఆ పేజీ అచ్చు తీసి, మడిచి, సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటాడు. దాటి, నిస్తారిణిని కళ్ళతో పిలిచాడు.

"మాసీమా, ఇది మీ దగ్గర పెట్టుకోండి."

"ఏమిటది?"

"యంత్రం రాసుకున్న పేజీ. ఇందులో ఒక వాక్యం నేను చదవలేదు."

"చూశాను," అంది ఆమె. "నీ గొంతుకేమన్నా అయిందేమో అనుకున్నాను."

"యాభై ఏడేళ్ళలో ఇదే మొదలు. చొక్కాలోపల గొంగళిపురుగు పాకుతున్నట్టుంది. నాకు నిద్ర పట్టదు."

"అయితే ఇక్కడే చదివేసి పో. ఎవరూ లేరుగా."

"నేను చదివితే దొంగను పట్టుకున్నట్టుంటుంది మాసీమా. మీరు చదివితే ఇంట్లో మాటలా ఉంటుంది."

ఆమె కాగితం వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "నాకు ఇంగ్లీషు రాదని తెలిసే ఆడుకుంటున్నావా?"

"ఆ వాక్యంలో ఇంగ్లీషు లేదు. అన్నీ అంకెలే. తేదీ, గంట, నిమిషం. అంకెలు మీకంటే బాగా ఈ సందులో ఎవరికొచ్చు?" కాగితం ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, చెప్పులు తొడుక్కున్నాడు. "బౌది టీ తెస్తుంది. తనకు రెండో కప్పు కూడా తెమ్మనండి. ఆవిడ కూర్చున్నాక, తొందరపడకుండా, గట్టిగా ఆ వాక్యం చదివి వినిపించండి. చదివాక కాగితం తిప్పి వెనకవైపు కూడా చూడండి. వెనక ఏమీ లేదు. అయినా చూడాలి."